ఇంటిల్లిపాదికీ సరిపోయే క్రాసోవర్ కోసం

చిరంజీవికి పెద్దనాన్న ఆశీస్సులు.

ఏ క్రాసోవర్ కొనమంటావని నువ్వు అడిగిన నాటినుంచి అదే ఆలోచిస్తున్నాను. ఫలానా బండి కొనమని చెప్పలేను కానీ, అందులో ఎక్కేవారు ఎవరో, అది తిరిగే దారులు ఏవో ముందుగా లెక్క వేసుకోమంటాను.

క్రాసోవర్ జీపులా ఎత్తుగా కనిపించినా దాని కట్టుబడి కారుదే. బొలెరో, స్కార్పియో వంటి వాటిలో విడి ఛాసిస్ (అడుగు చట్రం) మీద బాడీని బిగిస్తారు. క్రాసోవర్‌లో రెండూ ఒకటిగానే ఉంటాయి కనుక బరువూ కుదుపూ తగ్గుతాయి. గుంతల దారిలో రోజూ సరుకు మోసే పని నీకు లేదు కాబట్టి నీ ఎంపిక సరైనదే.

షోరూముకు మీ అమ్మను తప్పక తీసుకువెళ్ళు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి సీటు తుంటి ఎత్తులో ఉంటే కిందికి కుంగకుండా, పైకి ఎగబాకకుండా కూర్చోవచ్చు. నా దృష్టిలో క్రాసోవర్ వల్ల కలిగే అసలు మేలు ఇదే. ముందు సీటులోనూ వెనక సీటులోనూ ఆమెను నాలుగేసి సార్లు ఎక్కి దిగమను. పిల్లల సీట్లను కూడా వెంట తీసుకుపో. వాటిని బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు సాధారణంగా వెనక సీటు రెండు చివర్లలోనే ఉంటాయి. రెండు సీట్లూ అక్కడ పెట్టాక నడుమ మిగిలే చోటులో ఒక పెద్ద మనిషి కూర్చోగలరో లేదో, అక్కడ భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందో లేదో స్వయంగా చూసుకో. నాకు తెలిసి చాలామంది ఈ ఒక్కటి చూడకుండానే సంతకం పెడతారు. ఏడు సీట్ల బండి మీద మోజు పడవద్దు. మూడో వరుస వేస్తే సామానుకు చోటు దాదాపు మిగలదు.

ఇక ఘాట్ సంగతి. ఆర్టీసీలో ఉన్నన్నాళ్ళు తిరుమల కొండ మీద బస్సు నడిపినవాణ్ణి కనుక దీన్ని గట్టిగా చెబుతున్నాను. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు కొండ దిగే దారి. అంత దూరమూ బ్రేకు తొక్కుతూ దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తప్పుతాయి. తక్కువ గేరులో ఉంచి ఇంజనే బండిని ఆపుకునేలా దిగాలి. ఆటోమేటిక్ తీసుకుంటే, గేరును మన చేతితో తగ్గించుకునే వీలు ఉన్నదే తీసుకో. ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా పట్టి ఉంచే హిల్ హోల్డ్ కూడా ఉండాలి. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం ఎంతో చెప్పినప్పుడు అది ఖాళీ బండికా, నిండు బండికా అని అడుగు.

బడికీ బజారుకీ తిరిగే నీకు డీజిల్ వద్దు. ఇప్పటి డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. బండి పెద్ద రోడ్డు మీద కొంతసేపు వేగంగా నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది, లేకపోతే పూడుకుపోతుంది.

ధర విషయానికి వస్తే, నాలుగు మీటర్ల లోపు పొడవుతో పాటు పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ మించకపోతే జీఎస్టీ 18 శాతం, రెండింటిలో ఏది మించినా 40 శాతం. నెక్సాన్ పొడవు 3,995 మిల్లీమీటర్లు, క్రెటాది 4,330. ఆ తేడాకు తగిన చోటు వెనక సీటులో నీకు నిజంగా దక్కుతోందా అన్నదే చూడు. భారత్ ఎన్‌క్యాప్ (గుద్దుడు పరీక్షలో భద్రతకు ఇచ్చే) నక్షత్రాలను, అందులో పిల్లల భద్రతకు విడిగా ఇచ్చిన వాటిని కూడా చూడు.

టెస్ట్ డ్రైవ్ చిత్తూరులో పెట్టుకుంటే, అందరినీ ఎక్కించుకుని, ఏసీ వేసుకుని మొగిలి ఘాట్ దాకా వెళ్ళివద్దాం. ఆదివారమైతే నేనూ వస్తాను.

మీ పెద్దనాన్న