మళ్లీ రాయాలా వద్దా: ముందు పోయిన మార్కులు లెక్కపెట్టండి

ప్రవేశ పరీక్ష మళ్లీ రాయాలా అని అడుగుతూ, మాక్ టెస్టుల్లో సగటు 165, అసలు పరీక్షలో 142, కోరుకున్న సీటుకు 20 మార్కులు తక్కువ అన్నారు. సగటు సంగతి సరే, చివరి ఐదు మాక్‌లలో అతి తక్కువ ఎంత? అదీ 140 దగ్గరే ఉంటే ఆ రోజు కలిసిరాక మాత్రమే కాదు, మీ మార్కులు అప్పుడప్పుడు అంతదాకా పడిపోతుంటాయన్నమాట.

ప్రశ్నపత్రం, కీ దగ్గర పెట్టుకుని పోయిన మార్కుల్ని మూడు కుప్పలు చేయండి: తెలియనివి, తెలిసీ తప్పు చేసినవి, సమయం చాలనివి. సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1 అయితే, తెలిసిన ప్రశ్న తప్పినప్పుడు పోయేది ఒకటి కాదు, 5. అలాంటివి నాలుగు సరిచేస్తే మీ 20 వచ్చేసినట్టే. రెండో కుప్పే పెద్దదైతే ధైర్యంగా రాయండి. వారానికి రెండు పూర్తి పేపర్లు గడియారం పెట్టుకుని రాస్తూ, ప్రతి తప్పుకూ కారణం రాసుకోవాలి.

తెలియనివే ఎక్కువై, అన్ని చాప్టర్లలోనూ చెదిరి ఉంటే మాత్రం పాత నోట్సు తిరగేస్తే లాభం లేదు. మొదటి నుంచీ చదవాలి, అది ఏడాదంతా పట్టే పని.

ఇప్పుడొచ్చిన సీటు వదిలేముందు వయసు, ప్రయత్నాల పరిమితి, ఫీజు వాపసు గడువు చూసుకోండి. కాలేజీలో చేరాక మళ్లీ రాయనిస్తారా అన్నది కూడా.