ప్రయోగ హాళ్ల జాబితా తర్వాత చూద్దాం, ముందు స్పానర్ తిరిగే చోటు చూడండి

"మన దేశంలో మెగావాట్ స్థాయి ప్రోటాన్ యాక్సిలరేటర్ కడితే, దాని చుట్టూ ముందుగా ఏ పరిశోధన కేంద్రాలు రావాలి?" అని అడిగారు. ప్రోటాన్ కణాలను అతి వేగంగా, సన్నని ధారగా పంపే యంత్రం అది; ఆ ధారే బీమ్, దాని పవర్ మెగావాట్, అంటే పది లక్షల వాట్లు. విదేశంలో అలాంటి యంత్రం దగ్గర, బీమ్ పైపుల్లో గాలి లేకుండా చూసే వాక్యూమ్ విభాగంలో పనిచేశాను. ఏ ప్రయోగ హాలు ఎక్కడ అన్నది నిదానంగా తేల్చుకోవచ్చు. యంత్రం చెడితే మనిషి ఎక్కడ నిలబడి బాగుచేయాలో ముందు గీయండి.

ఒకసారి బీమ్ గుండ్రంగా తిరిగే రింగులోకి చేరే చోట ఫ్లాంజ్ (రెండు పైపులను బోల్టులతో కలిపే అంచు) లీకైంది. అక్కడ బీమ్ కొంత అంచులకు తగలక తప్పదు కాబట్టి, ఆపేశాక కూడా ఆ లోహం నుంచి రేడియేషన్ వస్తూనే ఉంటుంది. అది తగ్గేదాకా ఆగి, బయట నమూనా పైపు మీద సాధన చేసి, ఇద్దరిద్దరుగా లోపలికి వెళ్లాం. తీరా చూస్తే సగం బోల్టులు గోడ వైపున ఉన్నాయి. స్పానర్ పావు వంతు తిప్పడానికి కూడా సందు లేదు. జేబులో డోసిమీటర్ (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే పరికరం) కూస్తోంది. నా జోడీ నేల మీద వెల్లకిలా పడుకుని, పైపు కిందినుంచి చేయి దూర్చి, వేళ్లతో తడుముకుంటూ ఒక్కో నట్టు వదులు చేశాడు. లోపల ఉండనిచ్చే గడువు ముగియగానే మేం బయటికి, తర్వాతి జంట లోపలికి. గోడ రెండడుగులు అవతల ఉంటే ఒక్క జంటతో పోయే పని అది. కాంక్రీటు ఖర్చు మిగిల్చినవాళ్లెవరూ ఆ రోజు సొరంగంలో లేరు.

దారితప్పి పైపు అంచులకు తగిలే బీమ్ నష్టం మీటరుకు ఒక వాట్ దాటితే చేత్తో మరమ్మతు కష్టమని ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న లెక్క. మెగావాట్ యంత్రంలో అది పదిలక్షల్లో ఒక వంతు! అయినా కమిటీల్లో మొదటి ప్రశ్న "ఎన్ని మెగావాట్లు?" అనే.

జపాన్‌లోని టోకైలో ఉన్న ప్రోటాన్ యాక్సిలరేటర్ దగ్గర 2013లో ఏం జరిగిందో చూడండి. 2 సెకన్లపాటు నెమ్మదిగా రావలసిన బీమ్ 5 మిల్లీసెకన్లలో వచ్చి బంగారు టార్గెట్‌ను (బీమ్ తాకే లోహపు ముక్కను) దెబ్బతీసింది. దాన్నుంచి రేడియోధార్మిక పదార్థం హాల్లోకి లీకైంది. ఆ హాలును గాలి బయటికి పోకుండా కట్టలేదు. 34 మందికి రేడియేషన్ సోకింది. హాలు ప్లాను గీసేనాడే ఆలోచించవలసిన సంగతి కాదా ఇది?

మంచి ఉదాహరణ అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలోని ప్రోటాన్ యాక్సిలరేటర్. అక్కడ లినాక్ (బీమ్‌ను తిన్నగా వేగపరిచే భాగం) సొరంగంలో మొదటే ఖాళీ చోటు వదిలారు. ఆ ముందుచూపు వల్లే తర్వాత ఏడు క్రయోమాడ్యూళ్లు (అతి చల్లగా ఉంచే, బీమ్‌ను వేగపరిచే పెట్టెలు) చేర్చి బీమ్ కణాల శక్తిని 1 నుంచి 1.3 గిగా ఎలక్ట్రాన్ వోల్టులకు పెంచగలిగారు.

మీ ప్రశ్నకైతే నా ఓటు పదార్థాల లోపలి నిర్మాణాన్ని పరీక్షించడానికి వాడే న్యూట్రాన్, మ్యూయాన్ కణాల హాళ్లకే, రెండూ ఒకే బీమ్ మీద. టోకైలో అదే పద్ధతి: బీమ్ ముందు 2 సెంటీమీటర్ల గ్రాఫైట్ గుండా పోతూ మ్యూయాన్లను ఇస్తుంది, మిగిలినది పాదరసాన్ని తాకి న్యూట్రాన్లను పుట్టిస్తుంది. మ్యూయాన్ల కోసం మన పరిశోధకులు ఇంగ్లండ్‌లోని ఐసిస్ పరిశోధన కేంద్రానికి వెళుతున్నారు. ముంబై ట్రాంబేలోని మన ప్రోటాన్ యాక్సిలరేటర్ లెహిపా 20 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు (1 గిగాలో యాభయ్యో వంతు) అందుకుంది. దాని తర్వాతి యంత్రానికి ప్లాను గీసే బల్ల దగ్గర ఫ్లాంజ్‌లు విప్పి బిగించే టెక్నీషియన్లకూ కుర్చీలు వేయండి, గోడ ఎక్కడ రావాలో వాళ్లను అడగండి.