హైదరాబాద్ వదిలి గుంటూరులో ఉద్యోగానికి వెళ్లొచ్చా?

మీ ప్రశ్న ఇది కదా: కూకట్‌పల్లిలో కాపురం ఉంటున్నారు, గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది, జీతం ఇప్పటికన్నా కాస్త తక్కువ. ఖర్చు తగ్గుతుంది సరే, ఆ చిన్న ఊళ్లో ఒంటరిగా మిగిలిపోతామా అని మీ ఇద్దరి భయం. నేనూ హైదరాబాద్ నుంచే వచ్చి, ఇక్కడ మిర్చి యార్డు (మిర్చి అమ్మకాలు జరిగే మార్కెట్) వ్యాపారంలోనే లెక్కలు చూస్తున్నాను. అందుకే జవాబు రాస్తున్నాను.

రావచ్చు. కానీ అద్దె ఒక్కటే చూసి రాకండి. ఈ ఉద్యోగం నచ్చకపోతే రెండోది ఎక్కడ వెతుక్కుంటారో ముందే ఆలోచించుకుని రండి.

హైదరాబాద్‌లో ఒక కంపెనీతో పడకపోతే అదే ఇంట్లో ఉంటూ ఇంకో కంపెనీకి మారిపోతాం. ఇక్కడ లెక్కలు తెలిసినవాళ్లకు పని ఉంది గానీ, అంతా ఒకే వలయంలో తిరుగుతుంది: మిర్చి, కోల్డ్ స్టోరేజీలు, పత్తి జిన్నింగు, స్పిన్నింగ్ మిల్లులు, కొంత పొగాకు. టొబాకో బోర్డు ప్రధాన కార్యాలయం కూడా ఈ ఊళ్లోనే. ఇవి కాక ఆసుపత్రులు, కాలేజీలు. యజమానులు ఒకరికొకరు తెలిసినవాళ్లే. మీరు ఎక్కడో ఇంటర్వ్యూకి వెళ్లిన సంగతి సాయంత్రానికి మీ సారు చెవిన పడుతుంది. మంచిపేరు తెచ్చుకుంటే అదే పద్ధతిలో మేలూ జరుగుతుంది, మిమ్మల్ని వెతుక్కుంటూ ఫోన్లు వస్తాయి. జీతం పెరుగుదల మాత్రం నిదానమే.

పని సంగతి. సంక్రాంతి దాటాక యార్డుకు సరుకు పోటెత్తుతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రోజుకు లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దాటే రోజులుంటాయి, ఒక్కో టిక్కీ 40, 45 కిలోలు. సరిగ్గా ఆ రద్దీలోనే మార్చి 31 వచ్చి పడుతుంది. ఒకవైపు కమీషన్ ఏజెంట్ల పట్టీలు (అమ్మకం చీటీలు), హమాలీ లెక్కలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు మీద బ్యాంకు అప్పులు, మరోవైపు సంవత్సరాంతపు లెక్కలు. ఆ నెలల్లో పెళ్లికి పిలిచినా వెళ్లలేం. మళ్లీ మే, జూన్లలో యార్డుకు వేసవి సెలవులిస్తారు, అప్పుడు ఊపిరి పీల్చుకుంటాం. తేజ రకం మిర్చి ఎక్కువగా చైనా వెళ్తుంది, అక్కడ కొనుగోలు మందగిస్తే ఇక్కడ మన బోనస్ మాట ఎవరూ ఎత్తరు. ఘాటు గురించి ఎవరూ చెప్పరు గానీ, యార్డు దగ్గర, చుట్టుగుంట వైపు ఆఫీసైతే మొదట్లో తుమ్ములు తప్పవు. మీ ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉంటే యార్డుకు దూరంగా ఇల్లు చూసుకోండి.

ఇల్లనగానే గుర్తొచ్చింది. రైలు పట్టాలు ఈ ఊరిని రెండుగా చీలుస్తాయి. జనరల్ ఆసుపత్రి, పాత గుంటూరు ఒకవైపు, బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం ఇంకోవైపు. దాటడానికి ఉన్న దారులు తక్కువ, వాన గట్టిగా పడితే మూడు వంతెనలు అనే చోట నీళ్లు నిలుస్తాయి. ఆఫీసు ఎటువైపుంటే ఇల్లూ అటువైపే తీసుకోండి, మిగతావన్నీ తర్వాత. బ్రాడీపేటలో అడ్రసు 4/14 అంటే కంగారు పడకండి, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని. అద్దె మీరిప్పుడు కడుతున్నదాంట్లో సగానికి కాస్త అటూఇటూ ఉంటుంది. మిగిలిందాంట్లో కొంత వేసవిలో ఏసీ కరెంటు బిల్లుకు పోతుంది, రోహిణి కార్తెలో ఇక్కడి ఎండ మామూలుది కాదు. ఇల్లు చూడబోతే "మీది ఏ ఊరు, ఎవరి తాలూకు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వెనకాల కులం ఉందని నాకు తెలుసు, మీకూ తెలుసు. నాకు నచ్చదు, అయినా అడుగుతూనే ఉన్నారు.

ఒంటరితనం దూరం వల్ల రాదు. విజయవాడ గంట ప్రయాణం, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, తెల్లవారుజామున పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నడికుడి మీదుగా మధ్యాహ్నంలోపు సికింద్రాబాద్‌లో ఉంటారు. విమానానికి మాత్రం విజయవాడ దాటి గన్నవరం వెళ్లాలి. అసలు ఇబ్బంది ఆదివారాలు. మీతో పనిచేసేవాళ్లలో చాలామందికి తెనాలి దగ్గరో, నరసరావుపేట దగ్గరో సొంతూరు ఉంటుంది. సెలవొస్తే అటు పోతారు. వారమంతా వరసలు కలిపి పిలిచినవాళ్లే ఆ రోజు ఊళ్లో ఉండరు. మాకు మొదటి ఏడాది అలాగే గడిచింది. తర్వాత మా ఆవిడకు ఇక్కడి కొత్తపేటలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది, ఆమెకు స్నేహితులయ్యాకే నాకూ అయ్యారు. కొత్తపేటలో ఎటు చూసినా ఆసుపత్రులే. మీ శ్రీమతి చదువు వైద్యం వైపో, బోధన వైపో అయితే ఉద్యోగం కష్టం కాదు. సాఫ్ట్‌వేర్ అయితే, ఇంటి నుంచి పనిచేసే వీలుందో లేదో ఆమె కంపెనీలో ఖాయం చేసుకున్నాకే ఇక్కడ ఒప్పుకోండి.

చేరే తేదీ మీ చేతిలో ఉంటే జూలై అడగండి. సీజన్ మధ్యలో చేరితే నేర్పేంత తీరిక ఎవరికీ ఉండదు. వర్షాకాలంలో చేరితే కోల్డ్ స్టోరేజీ సరుకు అమ్మకాల లెక్కలతో మొదలుపెట్టి, కొత్త పంట వచ్చేలోపు ఏజెంట్ల పేర్లూ, వాళ్ల బాకీలూ నోటికొస్తాయి.