కోరాపుట్ చలికి హీట్ పంప్ తట్టుకుంటుందా?

హైదరాబాద్ నుంచి ఒడిశాలో కోరాపుట్ జిల్లా సునాబెడకి బదిలీ అయిందనీ, ఎయిర్ సోర్స్ హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగే మెషీన్) పెట్టిస్తే ఇల్లు నిజంగా వెచ్చబడుతుందా, లేక చలి ముదిరే సమయానికే చేతులెత్తేస్తుందా అనీ మీరు అడిగారు.

వెచ్చబడుతుంది. మీ పక్కనే సెమిలిగూడలో మా ఇంట్లో కొన్నేళ్లుగా నడుస్తోంది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. పేరు విని కంగారు పడకండి, మన బజార్లో అది ‘హాట్ అండ్ కోల్డ్’ స్ప్లిట్ ఏసీగా దొరుకుతుంది. విశాఖలో మా అక్కావాళ్లకి ఇది పెద్ద జోకు. “కోరాపుట్‌లో ఏసీ ఎందుకే, తలుపు తీసి పడుకో” అంటారు. వాళ్లు వచ్చేది మే నెలలో మరి. మాఘంలో మాకులు కూడా వణుకుతాయని సామెత. మా కొండల మీద కార్తీకం దాటిందంటే చాలు, వణుకు మొదలవుతుంది.

బయట 5 డిగ్రీలుంటే ఆ గాలిలో లాగడానికి వేడి ఎక్కడుంటుందని అందరూ అడుగుతారు. లోపల తిరిగే గ్యాస్‌కి 5 డిగ్రీలంటే ఎండ కిందే లెక్క. ఇప్పటి ఏసీల్లో ఉండే ఆర్32 గ్యాస్ మామూలు పీడనంలో మైనస్ 52 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అంటే అంత చల్లటి గాలిలోంచి కూడా వేడిని పీల్చుకుని ఆవిరైపోగలదు. నార్వే లాంటి దేశంలోనే ఇళ్లకి ఇవి పెట్టుకుంటున్నారు, మన చలి ఎంత? కాకపోతే మన దగ్గర ఇబ్బంది డిగ్రీలతో కాదు, తేమతో. పొగమంచులో మునిగి ఉండే ఊళ్లు కదా ఇవి. బయటి యూనిట్‌లో కాయిల్, అంటే గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట, గాలికన్నా ఇంకా చల్లగా ఉంటుంది. దాంతో బయట సున్నాకి పైన ఉన్నా దాని మీద మంచు పేరుకుంటుంది. అప్పుడప్పుడూ ఆ మంచుని కరిగించుకోవడానికి మెషీన్ కాసేపు తిరగబడి పనిచేస్తుంది. లోపలి వేడిని బయటి కాయిల్‌కి పంపుతుంది. ఆ కొద్ది నిమిషాలూ గదిలోని యూనిట్ ఫ్యాన్ ఆగిపోతుంది. చెడిపోయిందని చాలామంది అనుకునేది ఇక్కడే.

కొత్తగా పెట్టించిన ఏడాది పండక్కి పార్వతీపురం నుంచి మా మరిది వచ్చాడు. భోగి తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి, మంట వేయడానికి దుంగలు తెస్తానని పెరట్లోకి వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే వెనక్కి పరిగెత్తుకొచ్చి “వదినా, మిషను తగలబడిపోతంది!” అని కేక. అత్తయ్య “ఓలమ్మో!” అంటూ రగ్గుతో సహా లేచి కూర్చున్నారు. నేను వెళ్లి చూసేసరికి బయటి యూనిట్‌లోంచి తెల్లగా గుప్పుగుప్పున వస్తోంది, మరిది చేతిలో ముగ్గు కోసం కళ్లాపి కలిపి పెట్టిన బకెట్ ఉంది. కరెంటు మెషీన్ మీద పేడనీళ్లు! “ఆగు బాబూ, అది పొగ కాదు, ఆవిరి, వాసన చూడు” అని చెయ్యి పట్టుకుని ఆపాను. వాసన ఏమీ లేదు. కరిగిన మంచు ఆవిరై పోతోందంతే. ఇంకో నిమిషానికి లోపల ఫ్యాన్ మళ్లీ తిరిగింది. ఎదురింటి ఒడియా మాస్టారు గోడ మీంచి తొంగి చూసి, మీరు భోగి మంట ఇక్కడ వేస్తారా అని అడిగారు. ఆ మాట అన్నందుకు ఆయనకి అరిసెలు కూడా పెట్టాను.

అత్తయ్యకి మాత్రం ఇది చాలాకాలం నచ్చలేదు. ఎర్రగా కనబడదు, చేతులు కాచుకోవడానికి ఉండదు, “ఇదేం కుంపటే?” అనేవారు. గది మొత్తం నెమ్మదిగా వెచ్చబడుతుందే తప్ప ముఖానికి సెగ కొట్టదు. కుంపటే కావాలనే పెద్దవాళ్లకి మీరు గట్టిగా చెప్పాల్సిందొకటుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ కమ్ముతుంది. దానికి రంగూ వాసనా లేవు, మెలకువ కూడా రాదు.

ఖర్చు సంగతి. రెండు రాడ్ల హీటర్ 2000 వాట్లు, ఆరు గంటలు వేస్తే 12 యూనిట్లు. అది లాగిన కరెంటెంతో ఇచ్చే వేడీ అంతే, అంతకుమించి ఇవ్వడం దానివల్ల కాదు. హీట్ పంప్ వేడిని తయారు చేయదు, బయటి నుంచి మోసుకొస్తుంది. కాబట్టి 1 యూనిట్‌కి రెండున్నర నుంచి మూడు యూనిట్ల వేడి గదిలోకి వస్తుంది. అదే వెచ్చదనం 4, 5 యూనిట్లలో అయిపోతుంది. కొనేటప్పుడు ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ ఇక్కడ చలి సంక్రాంతికి వచ్చి కనుమకి పోయేది కాదు.

కొనడం దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. షాపులో కుర్రాడు “ఇన్వర్టర్ ఏసీ అంటే వేడి కూడా వస్తుంది మేడమ్” అని నమ్మకంగా చెప్పాడు. రాదు. గ్యాస్ దారి మార్చే ఫోర్ వే వాల్వ్ ఉంటేనే వస్తుంది. రిమోట్ మీద సూర్యుడి బొమ్మ ఉందా, అది నొక్కితే వేడిగాలి వస్తోందా, అక్కడే చూడండి. డబ్బా మీద చుక్కలని నమ్ముకోకండి, మన దేశంలో ఆ స్టార్ రేటింగ్ చల్లబరచడానికి ఇచ్చేది. వేడికి సంబంధించిన లెక్క వెనక చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. బిగించడానికి మైదానం నుంచి వచ్చే మెకానిక్‌లకి చలికాలం సంగతే తెలియదు. “గ్యాస్ తగ్గింది, నింపాలి” అన్నదొక్కటే వాళ్ల మందు, తలనొప్పైనా కాలునొప్పైనా.

ఇక వోల్టేజి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో 1955 నుంచి కరెంటు పుడుతోంది, ఎగువ కొలాబ్ జలవిద్యుత్ ప్రాజెక్టు మన పక్కనే ఉంది. అయినా సాయంత్రం అన్ని ఇళ్లలో హీటర్లూ గీజర్లూ వెలగగానే మా వీధిలో బల్బు కన్ను మూసుకుంటుంది. నీళ్లు మావి, కొండలు మావి, వోల్టేజి ఎవరిదో! స్టెబిలైజర్ లేకుండా మాత్రం పెట్టించకండి.

అసలు నా మాట వింటే ఏసీ కంటే ముందు వడ్రంగిని పిలవండి. మన ఇళ్లు ఎండల కోసం కట్టినవి, తలుపు కింద సందు, గోడ పైన వెంటిలేటర్. వెంటిలేటర్‌కి మూత, తలుపు కిందికి రబ్బరు పట్టీ, కిటికీకి మందపాటి కర్టెన్ వేశాకే మా గది గదిలా అయింది. గదిలో బొగ్గూ గ్యాసూ మండవు కాబట్టి అలా మూసుకున్నా భయం లేదు, పగలు కాసేపు కిటికీ తెరిస్తే సరిపోతుంది. లోపలి యూనిట్ రెక్కలు కిందికి వంచండి, లేకపోతే వేడి అంతా స్లాబుని కౌగిలించుకుని కూర్చుంటుంది. 30 పెడితే తొందరగా వేడెక్కుతుందని రిమోట్‌తో కుస్తీ పట్టకండి. 20, 21 దగ్గర పెట్టి రాత్రంతా వదిలేయండి.

మీది క్వార్టరా సొంతిల్లా చెప్పలేదు. క్వార్టరైతే గోడకి కన్నం పెట్టే ముందు అనుమతి తీసుకోండి. పై అంతస్తైతే బయటి యూనిట్ కింద ట్రే, పైపు పెట్టించండి, మంచు కరిగిన నీళ్లు చలికాలమంతా కారుతూనే ఉంటాయి. కింద ఇంటివాళ్లు వడియాలు ఆరబెట్టే చోటు ఎటువైపో కూడా ఒకసారి చూసుకోండి.