షుగర్ ఉన్నోళ్లకు షుగర్ పడిపోవడమేంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. వయసు 46. ఈ మధ్యనే షుగర్ ఉందని తేలింది, పరగడుపున 212 వచ్చింది. పొద్దున వేసుకోమని ఒక గోలీ రాశారు. చాయ్ తాగి, గోలీ వేసుకుని బత్తాయి తోటలో పనికి పోతాను, తినేది పదకొండు దాటినంకనే. పది అయిందంటే చేతులు వణుకుతాయి, చెమటలు, గుండె దడ, ఒకటే గాబరా. మా అబ్బాయి మిషన్‌తో చూస్తే ఒకరోజు 64 ఉంది. ఇంకోరోజు తోటలోనే అంతే వణుకు వస్తే 118 చూపించింది. మిషన్ పాడైందా? షుగర్ ఎక్కువున్నోళ్లకు తక్కువ ఎట్లయితది? మా ఆయన గోలీ బంద్ చెయ్యమంటున్నడు. శనివారం ఒక్కపొద్దు కూడా ఉంటాను.

జవాబు: గోలీ బంద్ చేయకండమ్మా, ఈ ఒక్క విషయంలో మీ ఆయన మాట పక్కన పెట్టండి. కానీ ఇప్పుడు వేసుకుంటున్న పద్ధతి మాత్రం మారాలి.

ముందు గోలీల షీటు వెనక్కి తిప్పి, పెద్దక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు మీ అబ్బాయితో చదివించండి. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే ఉంటే దానితో షుగర్ పడిపోవడం చాలా అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి పేరు ఉంటే మాత్రం మీ 64కు కారణం దాదాపు దొరికినట్టే. ఈ మందులు క్లోమ గ్రంథి నుంచి ఇన్సులిన్‌ను బయటికి పంపిస్తాయి, మీరు తిన్నారా లేదా అన్నది వాటికి పట్టదు. చాయ్ మీద గోలీ వేసుకుని తోటలో ఒళ్లు వంచి పని చేస్తుంటే కండరాలు కూడా గ్లూకోజ్‌ను లాగేసుకుంటాయి, ఇక పదింటికి పడిపోక ఏం చేస్తుంది! 70 కంటే తగ్గితే లో షుగర్ కిందే లెక్క, 54 కంటే దిగితే ప్రమాదం. కాబట్టి టిఫినో, జొన్న రొట్టో, సద్దన్నమో, ఏదో ఒకటి తినబోయే ముందు గోలీ వేసుకుని వెంటనే తినండి. ఈ వారంలోనే ఆ 64 అంకె తీసుకెళ్లి మీ డాక్టర్‌కు చూపించండి, డోసు తగ్గించాల్సి రావచ్చు.

ఇక ఆ 118 సంగతి. ఆరోజు వేలు గుచ్చే ముందు చేతులు కడుక్కున్నారా? బత్తాయి ఒలిచిన చేతికి, రసం ఆరిపోయినా, తీపి అంటుకునే ఉంటుంది, చుక్క రక్తంలో అది కాస్త కలిసినా మిషన్ ఎక్కువ చూపిస్తుంది. అంటే నిజంగా షుగర్ పడిపోయి ఉన్నా మనకు తెలియదన్నమాట. సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని, అప్పుడు చూడండి. అలా చూసినా 118 వస్తే మిషన్‌ది తప్పేం లేదు. చాలాకాలం 250, 300 దగ్గర ఉన్న ఒంటికి అదే అలవాటైపోతుంది, మందు పనిచేసి మామూలు అంకెకు వస్తుంటే పడిపోతున్నట్టు కంగారుపడి వణుకు పుట్టిస్తుంది. షుగర్ కుదురుకున్నాక కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది. దానికి చక్కెర తినొద్దు. వణికినప్పుడల్లా లడ్డూ నోట్లో వేసుకుని, మూడు నెలల తర్వాత గోలీ పనిచేయట్లేదని తిట్టుకునేవాళ్లను చాలామందినే చూశాను.

70 లోపు ఉంటే ఆలస్యం చేయొద్దు. మూడు టీ చెంచాల చక్కెర గానీ గ్లూకోజ్ పౌడర్ గానీ నీళ్లలో కలుపుకుని తాగాలి, 15 నిమిషాలు కూర్చుని మళ్లీ చూసుకోవాలి, ఇంకా 70 దాటకపోతే మరోసారి అంతే తాగాలి. దాటాక ఏదైనా తినాలి. మిషన్ దగ్గర లేకపోతే, వణుకు, చెమట ఉంటే లో షుగరే అనుకుని తాగేయండి. చాక్లెట్ వద్దు, అందులో ఉండే కొవ్వు వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే దీన్ని చాలామంది చెప్పరు: మీ గోలీలో వోగ్లిబోస్ లేదా అకార్బోస్ కూడా కలిసి ఉంటే చక్కెర త్వరగా అరగదు, ఆ మందు పనే అది, అలాంటివాళ్లకు గ్లూకోజ్ పౌడరే కావాలి. చిన్న పొట్లం కట్టి సద్ది డబ్బాతో పాటు తోటకు తీసుకెళ్లండి.

బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి వాడుతుంటే వణుకు, దడ బయటపడకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. ఆ చెమటను ఎండకు పట్టిందిలే అని వదిలేయకండి.

ఒక్కపొద్దు రోజు ఏమీ తినకుండా ఆ గోలీ మింగొద్దు. ఆ రోజుకు ఏం చేయాలో డాక్టర్ దగ్గర ముందే తేల్చుకోండి. పండ్లు, పాలు తీసుకునే ఒక్కపొద్దయితే ఆ సంగతీ చెప్పండి.

ప్రశ్న: మహబూబ్‌నగర్ నుంచి. వయసు 38. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది, మందులేం లేవు. ఫంక్షన్లలో బగారా అన్నం, డబుల్ కా మీఠా గట్టిగా లాగించిన రోజు తిన్న మూడు గంటలకల్లా వణుకు, భరించలేని ఆకలి. ఇది కూడా లో షుగరేనా?

జవాబు: కావచ్చు. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కు ముందు దశ. ఈ దశలో కొందరికి తిన్న వెంటనే రావాల్సిన ఇన్సులిన్ ఆలస్యంగా, అవసరానికి మించి వస్తుంది. అప్పటికే అన్నం అరిగిపోయి ఉంటుంది, దాంతో తిన్న మూడు నాలుగు గంటలకు షుగర్ కిందికి జారుతుంది. వణుకు వచ్చిన ఆ నిమిషంలోనే మిషన్‌తో చూసుకోండి, తర్వాత ల్యాబుకు పోయి లాభం లేదు. అన్నం తగ్గించి పప్పు, కూర, గుడ్డు లాంటివి పెంచండి, తిన్నాక పది నిమిషాలు నడవండి. పరగడుపున కూడా పడిపోతున్నా, 54 కంటే దిగినా, సోయి తప్పినా ఇది వేరే సంగతి, పరీక్షలు కావాలి. టెన్షన్ వల్ల కూడా ఇలాంటి దడే వస్తుంది, అందుకే అంకె చూడమనేది.

ప్రశ్న: దేవరకొండ నుంచి. మా నాయనకు 70 ఏళ్లు, గ్లిమిపిరైడ్ వాడతాడు. సాయంత్రం కల్లు తాగి, తినకుండనే పడుకున్నడు. రాత్రి లేచి పిచ్చి పిచ్చిగా మాట్లాడిండు. నిషా అనుకున్నం.

జవాబు: నిషా అనుకోవద్దు. ఖాళీ కడుపున కల్లు తాగితే కాలేయం గ్లూకోజ్ తయారు చేయడం తగ్గించేస్తుంది, ఒంట్లో గోలీ పని నడుస్తూనే ఉంటుంది. పొంతన లేని మాటలు, కోపం, తూలడం, ఇవన్నీ మెదడుకు గ్లూకోజ్ అందనప్పుడు కూడా వస్తాయి. పక్షవాతం కూడా ఇలాగే మొదలవ్వొచ్చు. మళ్లీ అలా అయితే ముందు షుగర్ చూడండి. తక్కువ ఉండి, మింగగలిగితే గ్లూకోజ్ నీళ్లు పట్టండి. సోయి లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. లేచి కూర్చున్నా, షుగర్ మామూలుగా ఉన్నా ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందే. ఈ మందు ప్రభావం చాలాసేపు ఉంటుంది, గంట రెండు గంటల్లో షుగర్ మళ్లీ పడిపోవచ్చు. అక్కడ కిడ్నీ పరీక్ష, అంటే క్రియాటినిన్, చేయించండి, కిడ్నీ పని తగ్గితే మందు ఒంట్లో ఇంకా ఎక్కువసేపు ఉండిపోతుంది. పోయేటప్పుడు నాయన వాడే గోలీల షీట్లన్నీ, బీపీవి, నొప్పులవి కూడా, సంచిలో వేసుకుని పోండి.