ఉలి పడతానన్న పిల్లాణ్ని ఇంజనీరింగ్‌లో కూర్చోబెట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. ఈఏపీసెట్‌లో ర్యాంకు బాగానే వచ్చింది, మంచి కాలేజీలోనే కంప్యూటర్ సైన్స్ సీటు దొరుకుతుంది. కానీ వాడు జపాన్ వెళ్ళి కొయ్య మీద శిల్పాలు చెక్కడం నేర్చుకుంటానంటున్నాడు. దాచుకున్న డబ్బుతో జపాన్ ఉలుల సెట్టు కూడా తెప్పించుకున్నాడు. కౌన్సెలింగ్ అయ్యేదాకా వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాను. మా ఇంట్లో ఎవరూ వడ్రంగం చేయలేదు. మా బావమరిదేమో, ‘జపాన్ పంపే కన్సల్టెన్సీ ఉంది, ముందు ఏదో ఒక పనిలో వెళ్తే అక్కడే నేర్చుకుంటాడు’ అంటున్నాడు. బీటెక్కా, కన్సల్టెన్సీయా, వాడు చెప్పేదా? మూడూ పోల్చి చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: అయ్యా, పోలిక తర్వాత చెబుతాను. ముందు బీరువా తాళం తీసి ఆ ఉలులు పిల్లాడి చేతికివ్వండి. అవి కార్బన్ ఉక్కువి, స్టెయిన్‌లెస్ స్టీలు కాదు. వానాకాలంలో నూనె రాయకుండా మూసిపెడితే తుప్పు పట్టిపోతాయి.

ఇలాంటి ఉత్తరాలు నాకు ప్రతి వేసవిలోనూ వస్తాయి. ఒకరి అమ్మాయి కూచిపూడి అంటుంది, ఇంకొకరి అబ్బాయి వంట అంటాడు, మీవాడు కొయ్య చెక్కడం అంటున్నాడు. పైకి అడిగేది ఏ కోర్సు మంచిదని. లోపలుండే భయాలు రెండు: వీడు రేపు ఎలా బతుకుతాడు, అడిగినవాళ్లకు మేం ఏం చెప్పుకోవాలి. మొదటి భయం న్యాయమైనదే. రెండోదాని గురించి మాత్రం కాస్త గట్టిగా మాట్లాడాలి, ఏమీ అనుకోకండి.

మీ ఇంట్లో ఎవరూ వడ్రంగం చేయలేదని రాశారు. మీ తాతగారి కాలంలో మీ ఇంట్లో సాఫ్ట్‌వేర్ కూడా ఎవరూ చేయలేదు కదా, దానికి లేని అభ్యంతరం దీనికెందుకు? పైగా మీరుండేది తెనాలిలో. ఎక్కడెక్కడికో విగ్రహాలు చేసి పంపే శిల్పులు మీ ఊళ్లోనే ఉన్నారు. స్వామివారిని ఊరేగించే గరుడ వాహనమైనా, రథం మీద బొమ్మలైనా ఎవరో ఒకరు ఉలి పడితేనే వచ్చాయి. ఆ వాహనానికి దణ్ణం పెట్టుకుంటూ, ఆ పని నా కొడుకు చేస్తే నామోషీ అనుకోవడం తప్పండీ. పిల్లాడి ముందు ఆ మాట అని ఉంటే వెనక్కి తీసుకోండి.

ఇక అసలు విషయం. మీవాడు జపాన్‌లో ఏ ఊరు అనుకుంటున్నాడో రాయలేదు. నేనైతే ముందు ఇనామి గురించి చదవమంటాను. తొయామా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) ఉన్న చిన్న ఊరు, ఇప్పుడు నాంతో నగరంలో భాగం. 1390లో వెలసిన జుయిసెన్‌జి అనే బౌద్ధాలయం చుట్టూ పెరిగింది. ఆ గుడి పలుమార్లు కాలిపోయింది. 18వ శతాబ్దంలో మళ్ళీ కట్టేటప్పుడు క్యోటో నుంచి మాఎకవా సాన్‌షిరో అనే శిల్పిని పంపించారు. గుడి కడుతున్న స్థానిక వడ్రంగులు ఆయన దగ్గర చెక్కడం నేర్చుకున్నారు. ఇప్పటి ఇనామి శిల్పులది ఆ పరంపరే. గుడి ముందు వీధిలో నడిస్తే ఇళ్లలోంచి ఉలి మీద సుత్తి పడే చప్పుడు వినిపిస్తుంటుంది. జపాన్ పర్యావరణ శాఖ 1996లో దేశంలో కాపాడుకోవలసిన వంద శబ్దాలను ఎంపిక చేస్తే, అందులో ఆ చప్పుడు కూడా ఉంది.

అక్కడ ముఖ్యంగా చెక్కేది రన్మా. పాతకాలపు జపాన్ ఇళ్లలో రెండు గదుల మధ్య, జరిపే తలుపులకు పైన బిగించే పలక అది. కలప ఎక్కువగా కర్పూరం చెట్టుది. మన హారతి కర్పూరం మొదట్లో ఆ చెట్టు నుంచే తీసేవారు. పలక మీద బొమ్మ గీసి, ఖాళీలను రంపంతో కోసి తీసేసి, ముతకగా ఒకసారి చెక్కి, ఆపైన సన్నపని. గాలి, వెలుతురు దూరేలా పలకను తొలిచి, రెండు వైపులా చెక్కుతారు. కొంగ రెక్కలో ఈకలైనా, దేవదారు కొమ్మ మీద ఆకులైనా చివరి నునుపు ఉలితోనే తెస్తారు. గరుకు కాగితంతో రుద్దితే గీతల అంచులు మొద్దుబారిపోతాయి. ఒక్కో శిల్పి దగ్గర రెండు వందలకు పైగా ఉలులుంటాయి: చదునువి, గుండ్రటివి, మూడు మూలలవి, మెడ వంచినవి, గోటి అంత వెడల్పువి, అగ్గిపుల్ల అంత సన్నవి.

అన్ని ఉలులుంటే అన్నింటికీ పదును ఉండాలి. ఈ వృత్తి గురించి ఎవరూ వీడియో తీయని భాగం అదే. మీవాడికి ఇది సరిపడుతుందో లేదో తేలేదీ అక్కడే.

జపాన్ ఉలిలో రెండు లోహాలుంటాయి. కోసే వైపు బాగా గట్టి ఉక్కు, దాని వెనక మెత్తటి ఇనుము. కొలిమిలో కాల్చి, కొట్టి రెండింటినీ ఏకం చేస్తారు. నిగాతా వైపు సాంజో, యోయిత, హ్యోగోలో మికి ఇలాంటి పనిముట్లకు పేరున్న ఊళ్లు. అంతా గట్టి ఉక్కే అయితే నూరడానికి చాలాసేపు పడుతుంది, దెబ్బకు విరిగిపోతుంది కూడా. మెత్తటి ఇనుము రాయికి తొందరగా లొంగుతుంది, సుత్తి దెబ్బను తట్టుకుంటుంది. మొన మాత్రం సన్నటి గట్టి ఉక్కుది కాబట్టి పదును చాలాసేపు నిలుస్తుంది.

సానరాయిని నీళ్లలో నానబెట్టి, ముందు 1000 నంబరు రాయి మీద రుద్దాలి. రాయి మీద నల్లటి బురద తేలుతుంది. ఇటు వైపు రుద్దుతుంటే అటు వైపు అంచున కంటికి సరిగా కనిపించని ఒక మడత లేస్తుంది. బొటనవేలితో వెనక నుంచి అంచు బయటికి తడిమితే గరుగ్గా తగులుతుంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా అది ఒకేలా తగిలిందాకా ఆపకూడదు. తర్వాత ఇంకా నున్నటి రాయి, చివర్లో 8000 నంబరు లాంటిది. గుండ్రటి ఉలికైతే రుద్దుతూనే మణికట్టు తిప్పాలి, లోపలి వంపుకు వేరే చిన్న గుండ్రటి రాయి కావాలి. మెత్తటి కొయ్యకు అంత పదును ఎందుకులే అనుకుంటారు చాలామంది. నిజానికి మెత్తటి కొయ్యకే ఎక్కువ కావాలి. మొద్దు ఉలి దాని పోగులను కోయకుండా నలిపేస్తుంది.

మీవాడు పాత టేకు తలుపు చెక్క మీద మొదలుపెట్టి ఉంటే ఆపమనండి. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, మొన తొందరగా అరిగిపోతుంది. జపాన్ ఉక్కు గట్టిదే గానీ పెళుసు, ఉలిని కొయ్యలో దించి మీటితే పెచ్చు ఊడుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొనికి గానీ, గుమ్మడి టేకు గానీ తెప్పించండి. గుమ్మడి టేకు పేరులో టేకు ఉన్నా వేరే చెట్టు, చెక్కడానికి బాగా లొంగుతుంది.

ఇప్పుడు మీ బావమరిది చెప్పిన దారి. ఈ మధ్య మన జిల్లాల్లో జపాన్ మోజు బాగా పెరిగింది. ఆరు నెలలు భాష నేర్పి పంపిస్తామనే బోర్డులు ఊరూరా కనిపిస్తున్నాయి. ఈ దారి మీద నాకు చాలా సందేహాలున్నాయి, దాచుకోను. వాళ్లు ఎక్కువగా చెప్పేది 2019లో జపాన్ మొదలుపెట్టిన నిర్దేశిత నైపుణ్య కార్మికుల వీసా గురించి. 2021లో మన దేశంతోనూ ఒప్పందం కుదిరింది. వృద్ధుల సంరక్షణ, హోటళ్లు, వ్యవసాయం, భవన నిర్మాణం, ఫ్యాక్టరీ పనుల లాంటి రంగాలకు అది నిజమైన అవకాశమే. ఆ పనులు చేయాలనుకునే పిల్లలను నేనే ప్రోత్సహిస్తాను. కానీ ఆ జాబితాలో శిల్పకళ లేదు. ఏ రంగం పేరుతో వెళ్తే ఆ రంగంలోనే పని చేయాలి. ఆ వీసా మొదటి స్థాయిలో మొత్తం కలిపి సాధారణంగా ఐదేళ్లే, కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి లేదు. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పిల్లాడు పొద్దున్నే గురువు దగ్గర కూర్చుని ఉలి పడతాడా? ‘ఏదో ఒక పనిలో వెళ్తే అక్కడే నేర్చుకుంటాడు’ అన్నది పిల్లాడి కోరికను ఎరగా వేసి ఫీజు కట్టించుకునే మాట. లక్షల్లో అడ్వాన్సు అడిగితే, ఏ వీసా, ఏ రంగం, ఏ యజమాని అన్నది కాగితం మీద చూపించమనండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

మీవాడికీ ఒక మాట. వీడియోల్లో కనిపించే ప్రశాంతత పనిలో ఉంటుంది, నిజమే. సంపాదనలో అంత ప్రశాంతత లేదు. కొత్తగా కట్టే జపాన్ ఇళ్లలో చాపలు పరిచే సంప్రదాయ గదులు తగ్గిపోయాయి, దాంతో రన్మాలకు గిరాకీ పడిపోయింది. గుళ్ల మరమ్మతులు, ఉత్సవ రథాలు, విడి శిల్పాలు ఆధారం. నగోయా కోటలో 2018లో పునర్నిర్మాణం పూర్తయిన రాజభవనం కోసం రన్మాలు చెక్కింది ఇనామి వాళ్లే. అలాంటి పెద్ద పని రోజూ రాదు. డబ్బు కోసమైతే ఈ దారి వద్దు. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న బంధువుతో వాణ్ని పోల్చకుండా ఉండగలరో లేదో మీరూ ఆలోచించుకోండి.

పోలిక అడిగారు కాబట్టి చెబుతాను. ఇనామిలో గురువు దగ్గర శిష్యరికం ఐదేళ్లు. పగలు గురువు పని, దాంతోపాటు ఊళ్లోనే ఉన్న శిక్షణ పాఠశాల. గురువు ఒప్పుకోవాలి, జపనీస్ బాగా రావాలి. నిపుణుడి దగ్గర కళ నేర్చుకునేవాళ్లకు జపాన్ సాంస్కృతిక కార్యకలాపాల వీసా ఇస్తుంది గానీ దాని మీద సంపాదించుకోవడానికి కుదరదు, ఖర్చంతా మీదే. రెండోది క్యోటో ప్రిఫెక్చర్‌లోని నాంతాన్‌లో ఉన్న సంప్రదాయ హస్తకళల కళాశాల. అక్కడ కొయ్య శిల్పం, బుద్ధ విగ్రహాల శిల్పం విడివిడిగా నేర్పుతారు, రెండేళ్ల కోర్సూ నాలుగేళ్ల కోర్సూ ఉన్నాయి. విద్యార్థి వీసా మీద వెళ్తే అనుమతి తీసుకుని వారానికి 28 గంటల దాకా పార్ట్‌టైం చేసుకోవచ్చు. పాఠాలు జపనీస్‌లోనే. మూడోది తిరుపతి. 1960లో టీటీడీ మొదలుపెట్టిన శిల్ప కళాశాలలో నాలుగేళ్ల డిప్లొమా ఉంది, అందులో కొయ్య శిల్పం ఒక విభాగం. హైదరాబాద్‌లోని లలితకళల విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో శిల్పకళలో బీఎఫ్‌ఏ డిగ్రీ కూడా ఉంది. బీటెక్ గురించి మీకు తెలియనిది నేను చెప్పేదేమీ లేదు. ఇష్టం లేని పిల్లాణ్ని ర్యాంకు వచ్చిందని కూర్చోబెడితే నాలుగేళ్ల తర్వాత బ్యాక్‌లాగ్‌లతో నా దగ్గరికే వస్తారు, అదొక్కటే గుర్తు చేస్తున్నాను.

నా సలహా: ముందు ఇక్కడ చెక్కడం నేర్చుకుంటూ జపనీస్ మొదలుపెట్టాలి. జపనీస్ భాషా పరీక్షలో మధ్య స్థాయి అయిన ఎన్3 దాటాక క్యోటోనా, ఇనామియా అన్నది చూసుకోవచ్చు. భాష రాకుండా గురువు దగ్గరికి వెళ్తే ఆయన తిట్టేది కూడా అర్థం కాదు, ఇక నేర్చుకునేదేముంది?

బతుకు గురించి భయపడకండి. తకమురా కోఉన్ అని ఒక శిల్పి, 1852లో పుట్టాడు. చిన్న వయసులోనే బుద్ధ విగ్రహాల శిల్పి దగ్గర శిష్యుడిగా చేరాడు. 1868 తర్వాత జపాన్‌లో బౌద్ధాలయాల మీద దాడులు జరిగి, విగ్రహాలు చేయించుకునేవాళ్లు కరువయ్యారు. అప్పట్లో ఫ్యాషన్ ఏనుగు దంతం చెక్కడం, విదేశాలకు ఎగుమతి, మంచి డబ్బు. తోటివాళ్లు అటు మళ్లారు. ఆయన చిన్నాచితకా పనులు చేసుకుంటూ కొయ్యను వదల్లేదు. తర్వాత టోక్యోలో లలితకళల పాఠశాల పెట్టినప్పుడు కొయ్య శిల్పం నేర్పడానికి ఆయన్నే పిలిచారు. ఆయన చెక్కిన ముసలి కోతి బొమ్మ 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు వెళ్లింది, ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉంది. మీవాడు అంతటివాడు అవుతాడని నేను చెప్పడం లేదు. అంత గడ్డుకాలంలో కూడా చేతిలో పనితనం ఉన్నవాడు పస్తులుండలేదని చెబుతున్నాను. కొయ్య తెలిసిన చేతికి ఫర్నిచర్ డిజైన్, పాత కట్టడాల మరమ్మతు, మ్యూజియంలలో పాత వస్తువుల సంరక్షణ లాంటి దారులూ ఉన్నాయి. ఒక ఏడాది ఆలస్యమైతే కొంప మునగదు. పద్దెనిమిదేళ్ల వయసులో తీసుకున్న నిర్ణయం మార్చుకోలేనిదేం కాదు. వాడు రెండేళ్ల తర్వాత ఇది నాకు సరిపడలేదని ఇంటికొస్తే, అప్పుడు కూడా డిగ్రీ చదవడానికి వయసు మించిపోదు. ఆ రోజు ‘నేను ముందే చెప్పాను’ అనకుండా తలుపు తీస్తే చాలు.

ఈ ఆరు నెలలూ వాడితో ఈ పని చేయించండి. కొత్త ఉలులు కొననివ్వకండి, ఉన్నవి చాలు. రెండు మూడు సానరాళ్లు, రాయి అరిగి గుంట పడితే చదును చేసే పలక, ఒక సంచి పొనికి ముక్కలు కొనిపెట్టండి. రోజూ గంట ఉలులు నూరడం, గంట చెక్కడం, గంట జపనీస్. మీరు పక్కన కూర్చుని ‘ఎంత అయింది’ అని అడగకండి. తెనాలిలోనే ఏదైనా శిల్పి షెడ్డుకు వారానికి రెండు రోజులు పంపించండి, చిన్న పనులేవైనా అందించి వస్తాడు. ఆరు నెలల తర్వాత నాకు రాయమని వాడికే చెప్పండి. చెక్కిన బొమ్మల ఫొటోలు అక్కర్లేదు. చదును ఉలి వెనక వైపు వెలుతురులో పెట్టి, దగ్గర నుంచి ఒక్క ఫొటో తీసి పంపమనండి, అది చూసి జవాబు రాస్తాను.