మతం వద్దన్న మేనకోడలికి

చిట్టీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. దేవుడి గూట్లో దీపం పెట్టడం మానేశావట. ఏ మతమూ వద్దు, పొద్దున్నే కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంటే చాలు అన్నావట. పది రోజుల విపశ్యన ధ్యానం కోర్సుకి దరఖాస్తు కూడా పెడుతున్నావట. వదినను ఓదారుస్తూనే లోపల మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం భయం పట్టుకుంది. మన ఇళ్లల్లో ఈ దారి పట్టిన మొదటి మనిషి మీ మామయ్యే కదా.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. మనశ్శాంతికి రేటు కట్టి ప్యాకేజీలు అమ్మేవాళ్ల జోలికి పోకు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త అనే విపశ్యన కేంద్రం 1976 నుంచి ఉంది, తిండికీ బసకీ పైసా అడగరు. రేపు పెళ్లంటావా, మతంతో పనిలేని ప్రత్యేక వివాహ చట్టం ఉంది: 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. ఆ నోటీసు ఆఫీసు బోర్డు ఎక్కేలోపే మీ అమ్మకు తెలియాలి, చెబుతున్నా!

ఇక మామయ్య సంగతి. మేం మదనపల్లెలో ఉన్నప్పుడు, చలికాలం తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గారు ఆ దగ్గర్లోని తన రిషివ్యాలీ స్కూలుకి వస్తే ఈయన ఒక్క ప్రసంగమూ వదిలేవాడు కాదు. తనను జగద్గురువుగా నిలబెట్టిన సంఘాన్ని 1929లో తానే రద్దు చేసిన మనిషి ఆయన. ఎవరినీ అనుసరించొద్దన్నాడు. మీ మామయ్య ఆ మాటను ఎంత భక్తిగా అనుసరించాడంటే, కాఫీ తాగేటప్పుడూ అదే పారాయణం.

మా మామగారు పోయిన రోజు కొరివి పెట్టనన్నాడు. నమ్మకం లేకుండా చేస్తే నటన అవుతుందని మేడెక్కి ధ్యానంలో కూర్చున్నాడు. కింద పాడె కడుతున్నారు. నేను మెట్ల దగ్గర నిలబడి పిలిచాను, దిగలేదు. మా అత్తయ్య అసలు పిలవనే లేదు. చివరికి మా మరిది కుండ పట్టాడు. ఆవిడ బాధ మంత్రాల గురించి కాదే, అందులో ఒక్క ముక్క ఆవిడకు అర్థమయ్యేది కాదు. పెద్దకొడుకు తండ్రి పక్కన లేడు, అంతే. అంతకుముందు కొడుకు భోంచేస్తుంటే పక్కనే కూర్చుని మీగడంతా అతని కంచంలోకి తోసేది. ఆ తర్వాత పెరుగు గిన్నె ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయేది. ఈయనకు కారణం తెలుసు. అడగలేదు. మంత్రం చెప్పకపోతే పోయె, పాడెకు ఒక భుజం ఇవ్వొచ్చు కదా. ఇప్పటికీ నాకు కోపమే.

మామయ్య పోయినప్పుడు ఆయన కోరినట్టే ఏ తంతూ పెట్టలేదు. దానమిచ్చిన కళ్లు ఆరు గంటల్లోపు తీసుకోవాలి కాబట్టి ఆ హడావిడి ఒకటి నడిచింది. అది అయ్యాక వచ్చినవాళ్లకు ఏం చెయ్యాలో తెలియలేదు. కాసేపు నిలబడి చెప్పులేసుకుని వెళ్లిపోయారు. పదో రోజు లేదు, పదకొండో రోజు లేదు. ఎవరైనా వచ్చి కూర్చుంటే బాగుండని నాకు ఉండేది. ఏ రోజు రావాలో వాళ్లకెలా తెలుస్తుంది?

అందుకే నీకు చెప్పేది. గుడికి వెళ్లకు, నీ ఇష్టం. పక్కింట్లో కర్మకు పిలిస్తే మాత్రం వెళ్లు, విస్తళ్లు వెయ్యి. ఇఫ్తార్‌కి పిలిస్తే వెళ్లు, క్రిస్మస్ కేకు తిను. సంక్రాంతికి పుట్టింటికి రాకుండా ధ్యానం అని కూర్చున్నావంటే నేనే వచ్చి లేపుతాను.

ఇంకొక్కటి. నిరుడు నిద్రపట్టక డాక్టర్ దగ్గరికి వెళ్లావు కదా, ఆ టాబ్లెట్ల సంగతి కోర్సు ఫారంలో దాచకు. పది రోజులు మాటా ఉండదు, ఫోనూ ఉండదు. తట్టుకోలేకపోతే అక్కడి టీచర్‌కి చెప్పు, మొండికెయ్యకు. మధ్యలో వచ్చేసినా ఎవరూ నవ్వరు, నేను నవ్వనివ్వను. తేదీలు ఖాయం కాగానే ముందు మీ అమ్మకు నువ్వే చెప్పు, నా చేత చెప్పించకు.

మీ అత్త